తోటలో రెండు గదులకి ప్లాన్ పర్మిషన్: తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళకి సమగ్ర మార్గదర్శి

చంద్రగిరి అవతల మా మామగారి మామిడితోపులో రెండు గదులు, ముందు ఒక వరండా వేసుకున్నాం. మొత్తం 450 చదరపు అడుగులు. కాపు రోజుల్లో రాత్రికి పడుకోవడానికి, సెలవులకి పిల్లలొస్తే నాలుగు రోజులు ఉండటానికి. మేస్త్రీ మూడు నెలల్లో కట్టేశాడు. కాగితాలకి పదకొండు నెలలు పట్టింది. అందులో ఏడు నెలలు చేజేతులా పోగొట్టుకున్నవే. ఆఫీసుల వాళ్ళు తిప్పింది కొంత ఉంది గానీ, అంతకన్నా ఎక్కువ మేం వరస తప్పి తిరిగాం. ముందు ప్లాన్ గీయించి, తర్వాత నేల సంగతి చూసుకున్నాం. చేయాల్సింది దానికి పూర్తిగా తిరగేసి.

కట్టేది చిన్న గదే కావచ్చు. ఆఫీసులో అడిగే ప్రశ్నల్లో ముప్పాతిక భాగం గది గురించి కాదు, దాని కింద ఉన్న నేల గురించి. అందుకే ఇక్కడ కూడా నేల గురించే ఎక్కువ రాస్తున్నాను.

"కంటైనర్ పెట్టుకుంటే పర్మిషన్ అక్కర్లేదు" అనే మాట

ఈ మాట మాకూ చెప్పారు. రెడీమేడ్ కేబిన్లు అమ్మే ఒకాయన తోటకి వచ్చి, నీడలో కూర్చుని కొబ్బరినీళ్ళు తాగుతూ, "లారీలో తెచ్చి దించేస్తాం సార్, పునాది ఉండదు, కాబట్టి బిల్డింగే కాదు" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ 1965 నాటి మున్సిపాలిటీల చట్టంలో భవనం అన్న మాటకి ఇచ్చిన అర్థంలో ఇల్లు, షెడ్డు, గుడిసె, గోడ అన్నీ ఉన్నాయి. ఇటుకతో కట్టినా, చెక్కతో కట్టినా, మట్టితో, ఇనుముతో కట్టినా ఒకటే. చక్రాల మీద నిలబెట్టినంత మాత్రాన మనిషి కాపురం ఉండే గది బండి అయిపోదు. రేకుల షెడ్డుకీ ఇదే లెక్క.

ఎరువుల బస్తాలు, మోటారు స్టార్టరు పెట్టుకునే చిన్న కొట్టం జోలికి మామూలుగా ఎవరూ రారు. అందులో బాత్రూమ్, వంటగట్టు, ఇంటి మీటరు చేరిన రోజు నుంచి కథ మారుతుంది. బ్యాంకు లోను కావాలన్నా, రేపు అమ్మాలన్నా మొదట అడిగేది ప్లాన్ కాపీయే.

మొదటి పని: నేల కాగితాలు

మీ దగ్గరున్న రిజిస్టర్ దస్తావేజు, దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లు, పాస్‌బుక్, అడంగల్ (ఏ నేల ఎవరి సాగులో ఉందో చెప్పేది), 1బి (ఎవరి పేరున ఎంత నేల ఉందో చెప్పేది), 30 ఏళ్ళకి తక్కువ కాకుండా ఈసీ (నేల మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ), సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ కొలతల పటం) కాపీ. వీటన్నిటినీ ఒక రోజు సాయంత్రం మంచం మీద పరిచి, నాలుగు విషయాలు సరిపోల్చండి: పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు.

మాది నాలుగులో మూడు సరిపోలేదు. దస్తావేజులో సర్వే నంబరు పక్కన 2 అని ఉంటే, ఆన్‌లైన్ అడంగల్‌లో 2బి అని ఉంది. ఎప్పుడో అన్నదమ్ములు పంచుకున్నప్పుడు సబ్‌డివిజన్ చేశారు, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. దస్తావేజులో 40 సెంట్లు, గొలుసు వేసి చూస్తే 38న్నర. మామగారి తండ్రి పేరు ఒకచోట సుబ్బరామయ్య, ఇంకోచోట సుబ్రమణ్యం. ఇంట్లో అందరికీ ఇద్దరూ ఒకరేనని తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు కదా.

విస్తీర్ణం తేడా వస్తే కాగితంలో ఉన్నదీ నేల మీద ఉన్నదీ చూసి, తక్కువదాన్నే ప్లాన్‌లో చూపించండి. ఎక్కువ చూపిస్తే పక్క రైతు అభ్యంతరం పెట్టడానికి మీరే దారి చూపినట్టు. పేరు తేడాకి ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్, తోడుగా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టాం. సర్వే తేడాకి సచివాలయంలో ఎఫ్-లైన్ అర్జీ, అంటే హద్దులు కొలిచి చూపించమనే అర్జీ పెట్టుకోవాలి. సర్వేయర్ వచ్చి కొలిచి, హద్దులు చూపించి, రాళ్ళు వేయిస్తాడు. పక్క రైతులకి నోటీసు వెళ్తుంది, వాళ్ళు ఆ రోజు ఉండేలా మీరే వెళ్ళి మర్యాదగా పిలవండి. రీసర్వే అయిపోయిన ఊరైతే పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది. పాత నంబరుకి కొత్త నంబరు ఏదో తెలిపే కాగితం కూడా జతచేయండి, లేకపోతే దస్తావేజు ఒక నేలది, ప్లాన్ ఇంకో నేలది అన్నట్టు కనిపిస్తుంది.

ఇంకో చిన్న చిక్కు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. చంద్రగిరి, పాకాల లాంటి చోట్ల పాత దస్తావేజులన్నిటిలో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. అది తప్పేమీ కాదు, దిద్దించుకోనక్కర్లేదు. కొత్త అర్జీలో మాత్రం ఇప్పటి జిల్లా పేరే రాయండి.

ఇక అసలు భయపడాల్సింది 22-ఏ జాబితాకి. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఆ సెక్షన్ కింద నిషేధిత భూముల పట్టీ ఉంటుంది. మన వైపు అందులో పడేవి ముఖ్యంగా డీకేటీ పట్టాలు, దేవుడి మాన్యాలు, మఠం భూములు, చెరువు, వంక పోరంబోకులు. డీకేటీ అంటే ప్రభుత్వం సాగు కోసం ఇచ్చిన నేల. దాన్ని అమ్మడం కొనడం 1977 చట్టం నిషేధించింది, 2023 సవరణలో మాత్రం 20 ఏళ్ళు దాటిన పట్టాల అసలు లబ్ధిదారులకి కొంత సడలింపు ఇచ్చారు. ఎవరో తెల్లకాగితం మీద రాసిచ్చిన డీకేటీ నేలలో గది కట్టాలనుకుంటే ఇక్కడే ఆగిపోండి, మిగతాది చదవడం వృథా. తిరుపతి చుట్టుపక్కల మఠం భూముల గొడవలు తెలియని వాళ్ళు లేరు. చవగ్గా వస్తోందంటే ముందు అనుమానం రావాలి.

ఎవరిని అడగాలి

తిరుపతి, చిత్తూరు కార్పొరేషన్లలో అయితే టౌన్‌ప్లానింగ్ విభాగం, మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ. ఊళ్ళో అయితే పంచాయతీ కార్యదర్శి. కానీ ఆ ఊరు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలోనో, చిత్తూరు వైపు అలాంటిదే అయిన చుడా పరిధిలోనో ఉంటే మాస్టర్ ప్లాన్ వాళ్ళది. పంచాయతీ చేతిలో ఉండేది చిన్న ఇళ్ళ వరకే, అంతకు మించితే ఫైలు అథారిటీకి వెళ్తుంది. మీ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో అడిగి, ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. నివాస జోన్ అయితే సుఖం. వ్యవసాయ జోన్ అయితే అక్కడ ఏం కట్టనిస్తారో, ఎంత కట్టనిస్తారో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే రూపాయి తీయండి. ప్లాన్‌లో మీ తోట మీదుగా రోడ్డు గీసి ఉంటే అది కూడా ఇక్కడే బయటపడుతుంది.

వంక ఎక్కడుంది?

మా ఏడు నెలల్లో నాలుగు ఇక్కడే పోయాయి. తోపుకి తూర్పున చిన్న పల్లం ఉంది. వేసవిలో పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు. గది అక్కడే బాగుంటుందని, పొద్దున్నే ఎండ తగులుతుందని, ఆ పల్లం గట్టు మీదే ముగ్గు పోశాం. సర్వేయర్ ఎఫ్‌ఎంబీ విప్పి, వేలు పెట్టి రెండు సన్నటి గీతలు చూపించి, "ఇది వంక" అన్నాడు. మా మామగారికి కోపం వచ్చింది.

"యాడుంది సార్ వంక? ఇరవై ఏండ్లుగా చుక్క నీళ్ళు రాలే."

"2021లో కూడా రాలేదా పెద్దాయనా?"

మామగారు ఇంకేం మాట్లాడలేదు. ఆ నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు, మా పల్లంలో కూడా మోకాలెత్తు నీళ్ళు రెండు రోజులు పారాయి. మేం మరిచిపోయాం. ఎఫ్‌ఎంబీ మరిచిపోలేదు.

ఈ రూళ్ళు బిల్డింగ్ రూల్స్‌లో స్పష్టంగా ఉన్నాయి. వంక, కాలువ వెడల్పు 10 మీటర్ల లోపైతే దాని హద్దు నుంచి 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు వదలాలి. చెరువు 10 హెక్టార్లు, ఆపైన అయితే 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంట అయితే 9 మీటర్లు. ఇది చెరువులో ఇప్పుడు నీళ్ళున్న చోటు నుంచి కొలిచేది కాదు, చెరువు నిండితే నీళ్ళు వచ్చే చివరి గీత నుంచి. నదికి పట్టణంలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు. మాది చిన్న వంక కాబట్టి 2 మీటర్లు వదిలితే రూలుకి సరిపోయేది. మామగారు మాత్రం ఆ 2021 మాట విన్నాక, గదిని ఏకంగా మిట్ట మీదికి, బావి పక్కకి జరిపించారు.

వంక ఒక్కటే కాదు. మన ప్రాంతానికి ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి:

చంద్రగిరి కోట, శ్రీనివాసమంగాపురం గుడి, గుడిమల్లం గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. ఇలాంటి కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణమే కుదరదు. ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు జాతీయ స్మారకాల అథారిటీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఉంటేనే. ఇది 2010లో చట్టానికి చేసిన సవరణ. కోట కింద పొలాలున్న వాళ్ళు ఎన్నిసార్లు విన్నా నమ్మరు.

శేషాచలం కొండల అంచున అయితే అటవీ హద్దు రాయి ఎక్కడుందో చూసుకోండి, అటవీ శాఖ నుంచి రాతపూర్వకంగా కాగితం తెచ్చుకోండి. తోటలో ఎర్రచందనం మొక్క ఒక్కటి దానంతటదే మొలిచి ఉన్నా గొడ్డలి పట్టుకోవద్దు. అది మీ నేలలోదైనా సరే, కొట్టడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. పలమనేరు, బంగారుపాళెం వైపు తోటలైతే ఏనుగుల దారి సంగతి ఆ ఊరి ముసలివాళ్ళని అడగండి. ఆ కాగితం ఏ ఆఫీసూ అడగదు, ఏనుగు మాత్రం అడుగుతుంది.

రేణిగుంట విమానాశ్రయం దగ్గర ఎత్తుకి పరిమితి ఉంటుంది. ఒక అంతస్తు గదికి మామూలుగా ఇబ్బంది ఉండదు గానీ, గుట్ట మీద కడుతుంటే లెక్కలోకి వచ్చేది నేల ఎత్తు కూడా కలిపి. రైలు పట్టాల పక్కన అయితే రైల్వే హద్దు నుంచి 30 మీటర్ల లోపు వాళ్ళ ఎన్‌ఓసీ. హైటెన్షన్ తీగ పైన పోతుంటే ఆ చోటే మార్చుకోండి.

దారి

గది ఎంత బాగున్నా దానికి దారి కాగితం మీద లేకపోతే ప్లాన్ ముందుకి కదలదు. తోపులకి చాలావరకు బండిదారే ఉంటుంది, అది కూడా ఎవరి గట్టు మీదుగానో. "తాతల కాలం నుంచి పోతున్నాం" అన్నది కోర్టులో పనికొస్తుందేమో, ప్లాన్ ఆఫీసులో పనికిరాదు. గ్రామ పటంలో అది రస్తా పోరంబోకుగా ఉందా, లేక పక్కవాళ్ళ పట్టా భూమా అన్నది తేల్చుకోండి. పట్టా భూమి అయితే దారి హక్కుని రిజిస్టర్ చేయించుకోవాలి. రోడ్డు వెడల్పు రూలుకి తక్కువైతే మీ వైపు నుంచి కొంత నేల రోడ్డుకి వదలాల్సి వస్తుంది, గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. మేం అలా ముక్కాలు సెంటు ఇచ్చాం. మామగారికి బాధే. ఆ ముక్కాలు సెంటులో ఒక నీలం మామిడిచెట్టు ఉంది. దాని కాయలు ఇప్పుడు దారిన పోయేవాళ్ళవి.

సాగు నేలని ఇంటి నేల చేయడం

ఇంతకాలం ఇది నాలా అనే పేరుతో నడిచింది. 2006 నాటి చట్టం ప్రకారం ఆర్డీవోకి అర్జీ పెట్టి, నేల విలువలో ఇంత శాతం అని పన్ను కట్టాలి. 2025లో ప్రభుత్వం ఆ చట్టాన్ని ఎత్తేసి, ప్లాన్ పర్మిషన్ దగ్గరే బాహ్య అభివృద్ధి రుసుము వసూలు చేసే పద్ధతికి మళ్ళింది. కాబట్టి 2025కి ముందు కట్టిన వాళ్ళ సలహా ఈ ఒక్క విషయంలో వినకండి. మీరు అర్జీ పెట్టే రోజున ఏది నడుస్తోందో కౌంటర్లో అడగండి.

తోటంతా మార్పించుకోవాల్సిన పని లేదు. మేం 6 సెంట్లు, అంటే సుమారు 243 చదరపు మీటర్లు విడగొట్టి దానికే చేయించాం. మిగతా తోపు తోపుగానే ఉంది, డబ్బూ తగ్గింది.

లేఅవుట్‌లో ప్లాటు కొని కడుతున్న వాళ్ళకి ఈ గొడవ వేరుగా ఉంటుంది. అప్రూవ్డ్ లేఅవుట్ అయితే దాని నంబరు చాలు. కాకపోతే ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లని క్రమబద్ధం చేసే పథకం) అప్పటికి తెరిచి ఉంటే దాని కింద క్రమబద్ధం చేయించుకోవాలి, ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టాల్సి రావచ్చు. ఆ లెక్క వేసుకున్నాకే ప్లాటు చవకో కాదో తెలుస్తుంది.

ఎల్‌టీపీ, ప్లాన్

ప్లాన్ మీరు గీసి ఇస్తే తీసుకోరు. లైసెన్స్ ఉన్న ఇంజినీరో, ఆర్కిటెక్టో, సర్వేయరో గీయాలి. వీళ్ళనే ఎల్‌టీపీ అంటారు. ఆఫీసు ఎదురుగా జిరాక్స్ షాపులో కూర్చుని "అన్నీ నేను చూసుకుంటా" అనే మనిషి ఎల్‌టీపీ కాకపోవచ్చు. లైసెన్స్ నంబరు, అది ఎప్పటిదాకా చెల్లుతుందో అడగండి. ఫీజు ముందే మాట్లాడి, ప్రభుత్వానికి కట్టే రుసుములు వేరు, తన కూలి వేరు అని కాగితం మీద రాయించుకోండి.

మా మొదటి ఎల్‌టీపీ తోటకి రాకుండానే గీశాడు. ఉత్తరం గుర్తు తప్పు వైపు పెట్టాడు. ఆ లెక్కన మా వరండా బావిలో ఉంది. నవ్వొస్తుంది గానీ, ఆ తప్పుకి ఒక నెల. రెండో ఆయన టేపు పట్టుకుని, మామగారి చెప్పులేసుకుని తోటంతా తిరిగాడు.

మన వైపు స్థలం అంకణాల్లో చెప్పుకుంటాం. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. తోట అయితే సెంట్లు. ప్లాన్ మాత్రం చదరపు మీటర్లలోనే. సెంటు అంటే 40.47 చదరపు మీటర్లు. ఈ మార్పిడి మీరే ఒకసారి వేసి చూసుకోండి. ప్లాన్‌లో సెట్‌బ్యాకులు (హద్దుకీ గోడకీ మధ్య వదిలే ఖాళీ), సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత, బోరు, పక్కనున్న చెట్లు, దారి అన్నీ చూపించాలి. వాస్తు చూసే అయ్యగారిని కూడా ఈ దశలోనే పిలిపించండి. పర్మిషన్ వచ్చాక "వంట ఆగ్నేయంలో లేదు" అంటే మళ్ళీ రివైజ్డ్ ప్లాన్, మళ్ళీ ఫీజు.

అప్‌లోడ్, షార్ట్‌ఫాల్

అర్జీ అంతా ఆన్‌లైన్‌లో, డీపీఎంఎస్ అనే ప్రభుత్వ ప్లాన్ పర్మిషన్ల వెబ్‌సైట్‌లో. ఎల్‌టీపీ తన లాగిన్ నుంచి పెడతాడు. మీ ఫోన్ నంబరే ఇవ్వండి, ఆయనది కాదు. మెసేజీలు మీకు వస్తేనే ఫైలు ఎక్కడుందో మీకు తెలుస్తుంది. స్కానింగ్ దగ్గర పిసినారితనం వద్దు. పాత స్టాంపు కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెడితే, మడత పడిన చోట సర్వే నంబరు కనిపించక ఫైలు తిరిగొచ్చింది మాకు.

తిరిగొచ్చిన ఫైలుని షార్ట్‌ఫాల్ అంటారు. అది తిరస్కరణ కాదు, టెన్షన్ పడొద్దు. ఏం లోటో అందులో రాసి ఉంటుంది. అన్నిటికీ కలిపి ఒకేసారి జవాబు పెట్టండి. ఒకటి సరిచేసి పంపితే ఇంకొకటి, అది పంపితే మరొకటి, ఇలా మూడుసార్లు తిరిగితే రెండు నెలలు పోతాయి.

చిన్న ఇళ్ళకి ఇప్పుడు సెల్ఫ్ సర్టిఫికేషన్ ఉంది. అన్నీ రూలు ప్రకారమే ఉన్నాయని మీరూ ఎల్‌టీపీ సంతకం చేసి, ఫీజు కడితే పర్మిషన్ వెంటనే వస్తుంది. పరిశీలన తర్వాత జరుగుతుంది. ఇది వరమూ, ఉచ్చూ కూడా. వంక దాచి సంతకం పెడితే, గోడలు లేచాక పర్మిషన్ రద్దవుతుంది, అప్పటికి డబ్బు సిమెంటులో ఉంటుంది.

పని మొదలయ్యాక

ప్లాన్ మామూలుగా 3 ఏళ్ళు చెల్లుతుంది. ఒక కాపీ లామినేషన్ చేయించి తోటలోనే వేలాడదీయండి. మేస్త్రీ "ఇంకో రెండడుగులు జరిపితే గది పెద్దదవుతుంది కదన్నా" అంటాడు, ప్రతి మేస్త్రీ అంటాడు. జరపొద్దు. కొత్త బోరు వేస్తుంటే వాల్టా (నీరు, నేల, చెట్ల రక్షణ) చట్టం కింద దానికి వేరే అనుమతి తీసుకోవాలి. తోటలో మోటారుకి ఉన్న వ్యవసాయ కనెక్షన్ నుంచి గదికి తీగ లాక్కోవడం అందరూ చేసేదే, దొరికితే కట్టే జరిమానాతో రెండు మీటర్లు పెట్టించుకోవచ్చు. ఇంటికి వేరే సర్వీసుకి దరఖాస్తు పెట్టండి.

పని పూర్తయ్యాక ఎల్‌టీపీ చేత కంప్లీషన్ నోటీసు పెట్టించి ఓసీ (గదిలో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) తీసుకోండి. చాలామంది ఇక్కడ బద్ధకిస్తారు, గది కట్టేశాం కదా అని. మేమూ రెండు నెలలు బద్ధకించాం. ఓసీ తీసుకున్నాకే మీటరుకి అర్జీ పెట్టాం. మీటరు బిగించడానికి వచ్చిన లైన్‌మన్ గోడకి వేలాడుతున్న ప్లాన్ కాపీ చూసి, బావి వైపు చూసి, మళ్ళీ ప్లాన్ చూసి, "ఉత్తరం కరెక్టుగానే వేశారు" అన్నాడు.